మూకుడుకో మూత

సంక్రాంతి ముందు వారం గోదావరి జిల్లాల్లో ఏ ఇంటి ముందు నుంచి వెళ్లినా అరిసెల వాసనే. చేయి తిరిగిన వాళ్లు నూనె కాగిందో లేదో చూడటానికి చిటికెడు పిండి వేస్తారు. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి, చటుక్కున తేలితే సరే. పొగ కనిపిస్తే మాత్రం మాటలాపి సెగ తగ్గిస్తారు.

ఈ పరీక్షలన్నీ మనిషి పొయ్యి దగ్గర ఉన్నంతసేపే.

జంతికలు వేగడానికి 170, 180 డిగ్రీల వేడి చాలు. నూనెను బట్టి 200 దాటాక పొగ లేస్తుంది. అప్పటికీ ఎవరూ స్టవ్ కట్టకపోతే, 350 డిగ్రీల దరిదాపుల్లో అగ్గిపుల్లతో పని లేకుండా నూనే అంటుకుంటుంది. గుమ్మంలో పార్సిల్ కుర్రాడు, చేతిలో ఫోను, హాల్లో సీరియల్ చివరి ఘట్టం... ఏదో ఒకటి చాలు, మూకుడు సంగతి మరిచిపోవడానికి.

మంట చూడగానే చెయ్యి చెంబు మీదికి పోతుంది. ఇక్కడే కొంప మునిగేది. నీళ్లు నూనె కన్నా బరువు, అడుగుకు దిగుతాయి. దిగినవి దిగినట్టే ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బి, మండుతున్న నూనెను ఇంటి కప్పుదాకా ఎగజిమ్ముతాయి. మూకుడు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తడం ఇంకా ప్రమాదం. చేతికి అందితే స్టవ్ కట్టేసి, పక్కనుంచి మూత జరిపి కప్పి, చల్లారేదాకా తీయకూడదు. అంతే.

కానీ ఆ మూత ఏది? మన వంటిళ్లలో పప్పు గిన్నెకూ, పాల గిన్నెకూ మూత ఉంటుంది. పండక్కి అటక దిగే మూకుడుకు ఉండదు. దాని నోటికి సరిపడే స్టీలు పళ్లెం ఒకటి పక్కన పెట్టుకుంటే ఖర్చేమీ లేదు. పాత తరం ఆడవాళ్లు కొంగు నడుముకు బిగించి పొయ్యి ముందు కూర్చోవడమూ ఊరికే కాదు. ఇప్పటి పాలియెస్టర్ నైటీ అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తుంది.

పాలు పొంగి మంట ఆరి, గ్యాస్ బయటికి రావడం మరో రకం ఏమరుపాటు. వంటగ్యాస్‌కు సొంత వాసన ఉండదు, మనం పసిగట్టాలని కలుపుతారు. గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది. ఆ వాసన వచ్చినప్పుడు స్విచ్ వేయడం ఎంత తప్పో, వెలుగుతున్న లైటు ఆర్పడమూ అంతే తప్పు. రెగ్యులేటర్ కట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, బయటికొచ్చాకే 1906కు ఫోన్ చేయాలి. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది.