ఉప్పు తెలిసిన నాలుక: ‘ది లంచ్‌బాక్స్’ చిత్ర పరిశీలనము

నడివయస్సు మన కావ్యములకు అంతగా ఇష్టమైన వస్తువు కాదు. యౌవనమునకు శృంగారమును, వార్ధక్యమునకు వైరాగ్యమును పంచియిచ్చిన పూర్వులు, నడుమ మిగిలిన సంసారకాలమును బాధ్యతల పద్దులో వ్రాసి ఊరకొనిరి. ఆ వయస్సులో మనస్సు మరల మేలుకొన్నచో దానిని ఏమని పిలువవలెను? చాపల్యమనియా, జీవమనియా? రితేశ్ బత్రా రచించి, దర్శకత్వము వహించిన ‘ది లంచ్‌బాక్స్’ (2013) అను హిందీ చిత్రము ఈ ప్రశ్నకు తొందరపడక సమాధానము చెప్పును.

బొంబాయిలో ఇంటి వంటను మధ్యాహ్నమునకు కార్యాలయములకు చేర్చు డబ్బావాలాల వ్యవస్థ పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి నడచుచున్నది. మూతలపై వ్రాసిన గుర్తులే వారికి చిరునామాలు. వారు పొరబడుట అరుదని లోకప్రసిద్ధి. ఆ అరుదైన పొరపాటే ఈ కథకు బీజము. నగరపు శివారులో నివసించు ఇల, తనను చూచుట మానిన భర్త మనస్సును రుచితోనైన మరలింపవలెనని వండి పంపిన కారియరు, సాజన్ ఫెర్నాండెజ్ అను విధురుని బల్లపైకి చేరును. అతడు 35 ఏండ్లు కార్యాలయములో లెక్కలు చూచి పదవీవిరమణకు సిద్ధముగా నున్న ఉద్యోగి. గిన్నెలు తుడిచినట్లు ఖాళీగా తిరిగి వచ్చుటచే ఇల పొంగిపోవును. సాయంకాలము భర్త మాత్రము ఆమె వండని కాలీఫ్లవరు కూరను బాగున్నదనును. మరునాడు ఆమె రొట్టెలతో ఒక చీటి పెట్టును. అపరిచితుని జవాబు వచ్చును: నేడు ఉప్పు హెచ్చినదని.

ప్రణయకథకు ఇది వింతయైన ఆరంభము. కాని ఉప్పు హెచ్చినదన్నవాడు తిన్నవాడు, రుచి చూచినవాడు. తినని కూరను మెచ్చుకొన్న భర్తకును, తిన్న కూరలో తప్పు పట్టిన పరాయివానికిని గల భేదములోనే ఈ చిత్రమంతయు ఉన్నది. నడివయస్సున మనిషి ఆకలిగొనునది ప్రశంసకు కాదు, పట్టించుకొను ఒక కంటికి.

సాజన్ ఒక ఉత్తరములో గతించిన భార్యను తలచుకొనును. ఆమె టెలివిజనులో హాస్యనాటికలు చూచి నవ్వుచుండగా, తాను బయటనుండి అప్పుడప్పుడు మాత్రమే అటు చూచితినని, చూచుచునే ఉండవలసినదని వ్రాయును. మేలుకొనుట యనగా ఇంతే: చూడక పోగొట్టుకొన్నది ఇదియని గుర్తించుట. ఇర్ఫాన్ ఖాన్ (2020లో దివంగతుడైనాడు) ఈ మార్పును కన్నులతోను, డబ్బా మూత తెరచునప్పటి చిన్న విరామముతోను నటించినాడు. కన్నీరు పెట్టలేదు, గొంతు పెంచలేదు.

భాషావిషయమున ఒక ముచ్చట చెప్పవలెను. ఇల హిందీలో వ్రాయును. సాజన్ ఆంగ్లములో బదులిచ్చును. ఒక భాషనుండి మరియొక భాషకు మాటలు మోయుటయే పనిగా గల నాబోటివారికి ఇది చిన్న గర్వభంగము. ఈ ఉత్తరముల నడుమ అనువాదకుడు లేడు. అతని కొరతయు తెలియదు. ఆ పని వంటయే చేసినది.

ఇదే వస్తువును అమెరికను శివారులో నిలిపిన ‘అమెరికన్ బ్యూటీ’ (1999) స్మరణకు వచ్చును. అందలి లెస్టర్ ఉద్యోగము వదలి, కారు కొని, కుమార్తె స్నేహితురాలిని కోరి, పోయిన యౌవనమును వెనుకకు లాగబోవును. సాజన్ దీనికి విరుద్ధముగా నడచును. కలిసికొందమన్న దినమున ఉదయము స్నానశాలలో అతనికి తన తాతగారి వాసన తోచును. రైలులో ఒక యువకుడు పెద్దవాడని చోటు చూపబోవును. హోటలులో వేచియున్న ఇలను దూరమునుండి చూచి, ఆమె పడుచుదనము చూచి, పలుకరింపకయే వెనుదిరుగును. పలువురు దీనిని త్యాగమందురు. నాకు అది సగము దయ, సగము భయము. ఆమెను అడుగకయే ఆమె బదులు తాను తీర్పు చెప్పినాడు. భర్త చేసిన తప్పు ఇక్కడ మర్యాద ముసుగులో మరల వచ్చినది. కావుననే నాసిక్‌కు, వానప్రస్థమునకు వలె, బయలుదేరిన సాజన్‌ను చిత్రము వెనుకకు త్రిప్పును.

ఇల మేలుకొలుపు ఇంతకంటె కఠినమైనది. తండ్రి మరణించిన దినమున ఆమె తల్లి, ఇన్నాళ్ళు ఈ ఘడియను తలచి భయపడితినని, ఇప్పుడు ఆకలి మాత్రమే తెలియుచున్నదని చెప్పును. జీవితమంతయు సేవలో గడపిన స్త్రీ నోట ఆ మాట విన్న పిమ్మట ఇల తన నగలు అమ్మి, బిడ్డతో భూటాను పోవ నిశ్చయించును. సాజన్ తోడు వచ్చునను హామీ ఆమెకు లేదు. నిమ్రత్ కౌర్ ఈ ఘట్టములలో మాట తక్కువగా, చూపు ఎక్కువగా నటించినది.

లోపము లేకపోలేదు. మీది అంతస్తు దేశ్‌పాండే ఆంటీ తెరపై ఒక్కసారియైనను కనబడక, గొంతుతోను, తాటికి కట్టి దింపు బుట్టతోను సజీవురాలైనది. కనబడుచున్న భర్తకు మాత్రము ప్రాణము పోయలేదు. చొక్కాలో మరియొక స్త్రీ పరిమళము తప్ప అతని గురించి మనకేమియు తెలియదు. అతని అలసట కొంత చూపియుండినచో ఇల నిర్ణయము మరింత బరువెక్కియుండెడిది.

చివరను సాజన్ డబ్బావాలాల వెంట రైలులో, ఖాళీ డబ్బాలు పోవు దారిలో, ఆమె ఇల్లు వెదకుచు పోవుచుండును. అతడు చేరునో లేదో, చేరునప్పటికి ఆమె ఉండునో లేదో చెప్పబడదు. చెప్పనక్కరయు లేదు. వారిద్దరి నాలుకలకు ఉప్పు మరల తెలిసినది. అది ఇక మరుపునకు రాదు.