మెట్లు దొరికాయి: హోవర్డ్ కార్టర్ కాగితాల గురించి

మా అమ్మాయి ఆరో క్లాసులో ఉండగా స్కూల్లో ఈజిప్టు మీద ప్రాజెక్టు ఇచ్చారు. అమెరికాలో ఆ వయసు పిల్లలున్న తల్లిదండ్రులకి ఈ కష్టం తెలిసే ఉంటుంది. అట్టముక్కలతో పిరమిడ్ కట్టే పని తల్లికి పడుతుంది. విషయం వెతికి పెట్టే పని తండ్రికి పడుతుంది. నా వంతుకి టుటన్‌ఖామున్ సమాధి వచ్చింది. లైబ్రరీ నుంచి హోవర్డ్ కార్టర్ రాసిన మూడు సంపుటాలు తెచ్చాను. తర్వాత తెలిసింది, ఆయన తవ్వకం కాగితాలన్నీ ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్ భద్రపరిచి, స్కాన్ చేసి, ఎవరైనా చదువుకునేలా పెట్టిందని. ప్రాజెక్టు రెండు వారాల్లో అయిపోయింది. మా అమ్మాయికి బి ప్లస్ వచ్చింది. నేను మాత్రం రెండేళ్ళయినా ఆ కార్డుల్ని వదల్లేదు.

నేను చరిత్రకారుణ్ణి కాను, కన్సల్టెంటుని. పగలల్లా ఇతరులు రాసిపెట్టిన డాక్యుమెంట్లు చదివి, ఎక్కడ ఏం రాయలేదో పట్టుకోవడం నా వృత్తి. ఈ వ్యాసం కూడా ఆ కళ్ళతో రాసిందే.

ముందు నాలుగు ముక్కల్లో నేపథ్యం. కార్టర్ 1874లో పుట్టాడు. పెద్ద చదువు లేదు. తండ్రి దగ్గర బొమ్మలు గీయడం నేర్చుకుని, పదిహేడో ఏట, 1891లో, సమాధుల గోడల మీది చిత్రాలకు నకళ్ళు తీసే పనికి ఈజిప్టు వెళ్ళాడు. కార్నార్వన్ ప్రభువు పెట్టిన డబ్బుతో రాజుల లోయలో తవ్వుతుండగా 1922 నవంబరు 4న ఒక మెట్టు బయటపడింది. ఆ చిన్న సమాధిలోని 5 వేలకు పైగా వస్తువుల్ని బయటికి తేవడానికి పదేళ్ళు పట్టింది. 1923, 1927, 1933 సంవత్సరాల్లో మూడు సంపుటాలు వచ్చాయి, మొదటిది ఆర్థర్ మేస్‌తో కలిసి రాసినది. అవి మామూలు పాఠకుల కోసం. పండితుల కోసం రాయాలనుకున్న పూర్తి నివేదిక రానేలేదు. 1939లో కార్టర్ పోయాడు. తర్వాత ఆయన మేనకోడలు ఆ కాగితాలన్నిటినీ గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చేసింది. 1990ల్లో అక్కడి భాండాగారం బాధ్యుడు యారోమిర్ మాలెక్ ఆధ్వర్యంలో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలైంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కార్టర్ రాసిన గొప్ప పుస్తకం ఆ మూడు సంపుటాలు కాదు, ఈ కార్డులే. కానీ పుస్తకంలో ఉన్న లోపం ఒకటి కార్డుల్లోకీ వచ్చింది. పుస్తకం లోపం కంటే కార్డుల లోపమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకో చివర్లో చెబుతాను.

పుస్తకం కథలా నడుస్తుంది. గోడకు చిన్న కన్నం పెట్టి, కొవ్వొత్తి లోపలికి చాపి కార్టర్ చూస్తుంటే, వెనక నుంచి ఏమన్నా కనిపిస్తోందా అని కార్నార్వన్ అడుగుతాడు. దానికి పుస్తకంలో కార్టర్ ఇచ్చిన జవాబు లోకమంతా ఎరిగినదే. అందులో అద్భుతమైన 'వస్తువులు' ఉన్నాయి. ఆయన జర్నల్లో ఆ జవాబు వేరుగా ఉంది. అక్కడ వస్తువుల ఊసు లేదు, ఉత్తి ఆశ్చర్యమే ఉంది. చిన్న తేడాయే. కానీ మాటని మెరుగుపెట్టే చెయ్యి ఎప్పుడు పనిలోకి దిగిందో అక్కడ తెలిసిపోతుంది.

కార్డుల్లో ఆ మెరుగు లేదు. సమాధిలో వస్తువులకి 1 నుంచి 620 దాకా నంబర్లిచ్చారు. ఒక పెట్టెకి ఒక నంబరు, దాని లోపలి వస్తువులకి ఆ నంబరు పక్కన ఏ, బీ, సీ అని అక్షరాలు. అక్షరాలు అయిపోతే రెండేసి. అంటే ఏ వస్తువు ఏ పెట్టెలోదో నంబరు చూస్తేనే తెలుస్తుంది. మా భాషలో చెప్పాలంటే తల్లి రికార్డు, పిల్ల రికార్డు. వస్తువుని కదిలించకముందే పక్కన నంబరు చీటీ పెట్టి హారీ బర్టన్ ఫొటో తీసేవాడు. ఆయన తీసిన ఫొటోలు 1,400 దాకా ఉన్నాయి. ఆ తర్వాత కార్డు మీద కొలతలు, బొమ్మ, వర్ణన. చెక్కకీ బట్టకీ ఏ పూత పూశారో రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ లూకాస్ రాసిపెట్టిన నోట్సు.

21వ నంబరు చూడండి. అది వేట దృశ్యాలు చిత్రించిన చెక్కపెట్టె. పైన చెప్పులు, కింద రాజవస్త్రాలు, వాటి మీద వేలకొద్దీ పూసలు, బంగారు బిళ్ళలు. బట్ట ముట్టుకుంటే పొడి అయ్యే స్థితిలో ఉంది. బట్టని కాపాడితే పూసల వరస చెదురుతుంది, పూసల వరస కాపాడితే బట్ట పోతుంది. ఆ పెట్టె అడుగు చూడ్డానికి మూడు వారాలు పట్టింది. పుస్తకంలో ఈ సంగతి కొన్ని పేజీల్లో అయిపోతుంది. కార్డుల్లో ఒక పొర తీసి, రాసి, గీసి, మళ్ళీ ఒక పొర తీసిన తీరు ఒకదాని తర్వాత ఒకటి మన కళ్ళ ముందు జరుగుతుంది. ఎక్కడా తొందర లేదు. బయట పత్రికలవాళ్ళు, దొరలు, దొరసానులు క్యూ కట్టి ఉన్నారని ఆ కార్డులు చూస్తే అనిపించదు.

ఇలాంటి కార్డు విలువ ఏమిటో నాకు హైదరాబాద్ గుర్తొచ్చినప్పుడు తెలిసింది. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు మమ్మల్ని పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి తీసుకెళ్ళారు. అక్కడ నిజాం కాలంలో వచ్చిన ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది. అద్దానికి ముక్కులానించి చూశాం, భయపడ్డాం, బయటికొచ్చి ఐస్‌ఫ్రూట్ తిన్నాం. ఆ మనిషిని ఏ ఊళ్ళో, ఏ సమాధిలోంచి తీశారో, పక్కన ఏముండేవో చెప్పే కాగితం అక్కడ చూసిన గుర్తు నాకు లేదు. వస్తువు ఉంటే సరిపోదు. అది ఎక్కడ, దేని పక్కన, ఏ వరసలో ఉందో రాసి ఉంటేనే అది మనతో మాట్లాడుతుంది. కార్టర్ కార్డుల్ని ఆధారం చేసుకుని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్ 1963 నుంచి వరసగా పుస్తకాలు వేసింది. సమాధిలోని విల్లంబుల మీద, రథాల మీద, వాద్యాల మీద, ఆటపెట్టెల మీద వేర్వేరు పండితులు రాశారు. కార్టర్ పోయాక అన్నేళ్ళకి కూడా పని జరగగలిగిందంటే ఆ కార్డుల వల్లే. నేను ఇంతవరకూ చూసిన ఏ ప్రాజెక్టు డాక్యుమెంటుకీ ఆ యోగ్యత లేదు. నేను రాసినవాటికైతే అసలే లేదు.

ఇక లోపం సంగతి.

కార్టర్ జేబు డైరీలో నవంబరు 4 పేజీ చూడండి. సమాధి మొదటి మెట్లు దొరికాయి అన్న అర్థం వచ్చే ఐదు మాటలు పేజీకి అడ్డంగా గీకి ఉంటాయి. ఎవరికి దొరికాయి? ఆ వాక్యంలో కర్త లేడు. తెలుగులో మనకిది అలవాటే. పెన్ను దొరికింది, తాళాలు దొరికాయి అంటాం. ఎవరు వెతికారో చెప్పనక్కర్లేదు. కానీ పుస్తకంలో కార్టరే ఒప్పుకున్నాడు, ఆ పొద్దున తను వచ్చేసరికే పని ఆగిపోయి ఉందని, అంతా నిశ్శబ్దంగా ఉందని. అంటే మెట్టు బయటపడినప్పుడు ఆయన అక్కడ లేడు. ఎవరో ఈజిప్టు పనివాడికి అది దొరికింది. ఆ మనిషి పేరు పుస్తకంలో లేదు, డైరీలో లేదు.

రాయనివి ఇంకా ఉన్నాయి. 1923 ఫిబ్రవరిలో అతిథులందర్నీ పిలిచి శవపేటిక గది గోడ పగలగొట్టారు. కానీ అంతకు ముందే, నవంబరులోనే, కార్టర్, కార్నార్వన్, ఆయన కూతురు పాత దొంగల కన్నంలోంచి లోపలికి వెళ్ళొచ్చి, ఆ కన్నాన్ని మూసేశారు. ఈ సంగతి పుస్తకంలో లేదు. కార్టర్ పోయాక 1940ల్లో లూకాసే బయటపెట్టాడు. తమాషా ఏమిటంటే, బర్టన్ ఫొటోలో ఆ గోడ మొదట్లో ఒక బుట్ట మూత, కాసిని రెల్లుపుల్లలు కన్నాన్ని కప్పుతూ కనిపిస్తాయి. మనిషి దాచినదాన్ని కెమెరా రాసిపెట్టింది. మరొకటి, తామరపువ్వులోంచి పైకొస్తున్న బాలరాజు తల. 1924లో కార్టర్ ప్రభుత్వంతో తగువుపడి పని ఆపేసినప్పుడు, తనిఖీకి వచ్చినవాళ్ళకి ఆ తల పక్క సమాధిలో, ఖాళీ వైన్ పెట్టెలో కనిపించింది. మొదటి సంపుటంలో దాని ప్రస్తావనే లేదు. అది ప్రవేశమార్గంలోని రాళ్ళమట్టిలో దొరికిందని కార్టర్ చెప్పాడు. దొరికిన చోట తీసిన ఫొటో మాత్రం లేదు. ఇంత పద్ధతిగల మనిషి దగ్గర ఒక ఎంట్రీ లేకపోతే, ఆ లేకపోవడమే ఒక ఎంట్రీ. 2010లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఈ సమాధివేనని తేలిన 19 చిన్న వస్తువుల్ని ఈజిప్టుకి తిరిగి ఇచ్చేస్తానని ప్రకటించింది. వాటి వెనకా ఇలాంటి ఖాళీలే ఉన్నాయి.

అయినా వాటిని నేను పెద్ద లోపం అనుకోను. దొంగతనమో దొరతనమో, అవి కొన్ని వస్తువుల సంగతి. ఒకనాటికి బయటపడ్డాయి. బయటపడనిది మనుషుల సంగతి.

బర్టన్ ఫొటోల్లో పేటికలు మోస్తూ, లోయ దారిలో పట్టాలు మార్చి మార్చి పరుస్తూ ఎందరో ఈజిప్టువాళ్ళు కనిపిస్తారు. ఒక ఫొటోలో ఒక కుర్రాడు రాజుగారి హారం మెడలో వేసుకుని నిలబడ్డాడు. హారానికి నంబరుంది. కుర్రాడికి పేరు లేదు. తర్వాత ఎన్నో ఏళ్ళకి హుస్సేన్ అబ్దుల్ రసూల్ అనే ఆయన ఆ కుర్రాణ్ణి నేనే అని చెప్పుకున్నాడు. ఔనో కాదో తేల్చే కార్డు లేదు. చెప్పుకి కార్డుంది, బుట్టకి కార్డుంది, ఎండిన పూలదండకి కార్డుంది.

కార్టర్ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. మొదటి సంపుటంలో ఆయన తన మేస్త్రీలకి పేరుపేరునా కృతజ్ఞత చెప్పాడు. అహ్మద్ గెరిగర్, గాద్ హసన్, హుస్సేన్ అబూ అవాద్, హుస్సేన్ అహ్మద్ సయీద్. ఆయన్ని కూడా ఇంగ్లండులో పెద్దవాళ్ళు పూర్తిగా తమవాడనుకోలేదు. అంత పేరొచ్చినా సొంత దేశం ఒక్క బిరుదూ ఇవ్వలేదు. చిన్నచూపు ఎలా ఉంటుందో తెలిసినవాడే. అందుకే ఆయన్నుంచి ఇంకొంచెం ఎక్కువ ఆశించాననుకుంటాను. వందేళ్ళయిన సందర్భంగా 2022లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇవే కాగితాలతో ప్రదర్శన పెట్టినప్పుడు, ఆ పేరులేని పనివాళ్ళని ముందుకి తెచ్చి చూపించారు. అదే భాండాగారంలో, అవే ఫొటోలు. చూసే కళ్ళు మారాయంతే.

నన్ను ఎందుకు బాధపెట్టిందో చెబుతానన్నాను. పన్నెండేళ్ళ కిందట నేనొక క్లయింటు దగ్గర పాత సిస్టమ్ మార్చే ప్రాజెక్టులో ఉన్నాను. నెలాఖరు లెక్కలు మూడు నెలలుగా తప్పొస్తున్నాయి. ఎక్కడ పోతోందో మాకెవరికీ అంతుబట్టలేదు. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేసే ఒక కుర్రాడు, వరసగా నాలుగు రాత్రులు లాగులు చదివి పట్టుకున్నాడు. ప్రాజెక్టు అయ్యాక అప్పగింత డాక్యుమెంటు నేనే రాశాను. నూట నలభై పేజీలు. ప్రతి టేబులుకీ వివరం, ప్రతి ఫీల్డుకీ చరిత్ర. ఆ సమస్య గురించి రాసినచోట 'లోపం గుర్తించబడింది' అని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ కుర్రాడు కూడా చదివి, "చాలా నీట్‌గా ఉందన్నా" అని మెయిల్ కొట్టాడు. నాకప్పుడు ఏమీ అనిపించలేదు. ఎవరి పేరూ కావాలని తీసెయ్యలేదు. డాక్యుమెంట్లు అలాగే రాస్తారు, అంతే. బహుశా కార్టర్ కూడా అంతే అనుకుని ఉంటాడు.

సముద్రం ఇవతల కూర్చున్న మనలో చాలామంది మొదట అవతలి రాత్రి షిఫ్టుల్లోంచి వచ్చినవాళ్ళమే. మన పేర్లు ఎక్కని కాగితాలు మనకీ ఉన్నాయి. అయినా కలం మన చేతికొచ్చేసరికి అదే వాక్యం రాస్తాం.

2025 నవంబరులో, మెట్టు కనిపించిన తారీఖునే, కైరో పక్కన కట్టిన కొత్త మ్యూజియంలో టుటన్‌ఖామున్ వస్తువులన్నీ మొదటిసారి ఒక్కచోట చూసే వీలు కలిగింది. ఈజిప్టు వెళ్ళే ఓపికా, సెలవూ ఉన్నవాళ్ళు తప్పకుండా చూడండి. వెళ్ళలేనివాళ్ళు కార్డులు చదవండి. మూడు సంపుటాలతో మొదలుపెట్టొద్దు. 21వ నంబరుతో మొదలుపెట్టి, ఒక్కో పొరా దిగండి. తర్వాత ఫొటోలకి రండి. నంబరు చీటీ చూశాక, పక్కన నీడలో నిలబడ్డ మనిషిని కూడా ఒకసారి చూడండి.

ఈ వ్యాసంలోనైనా ఆ హైదరాబాద్ కుర్రాడి పేరు రాద్దామని మొన్న ఫోన్ చేశాను. ఇప్పుడతను కుర్రాడేం కాదు, ఇద్దరు పిల్లలు, తనే ఒక టీముకి లీడు. విషయం చెబితే నవ్వి, "ఆ సిస్టమే తీసేశారు కదన్నా, ఇప్పుడు పేరెందుకు" అన్నాడు. సరేనన్నాను. తర్వాత చాలాసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం.