క్రీడగా అవధానం - కళగా క్రీడ: ఒక తాత్త్విక పరిశీలన

వ్యాససంగ్రహం:

అవధానం కవిత్వమా, ధారణాపాటవ ప్రదర్శనమా అన్న చర్చ తెలుగు సాహిత్యవిమర్శలో చాలాకాలంగా సాగుతోంది. ఇరుపక్షాలూ అవధానంలో పుట్టిన పద్యాన్నే కళావస్తువుగా తీసుకొని వాదించడం ఈ చర్చలోని ముఖ్యలోపం. క్రీడలను ఒక ప్రత్యేక కళారూపంగా పరిగణించే సమకాలీన తత్త్వచింతనను, భారతీయాలంకారికుల రసచర్చను జోడించి అవధానస్వరూపాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవధానంలో కళావస్తువు నిబంధనల నడుమ సాగే నిర్ణయక్రమమని, పద్యం దాని జాడ మాత్రమేనని, ఆ క్రమాన్ని అనుసరించగల సభ లేనప్పుడు కళ కూడా క్షీణిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అవధానం, క్రీడ, కర్తృత్వం, నిషిద్ధాక్షరి, పృచ్ఛకుడు, సహృదయుడు, చిత్రకావ్యం.

1. ప్రవేశిక:

నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలో ఇంద్రాది దేవతలు బ్రహ్మను కోరింది ఒక 'క్రీడనీయకాన్ని', అంటే ఆడుకోదగిన వస్తువును. అది చూడదగినదీ వినదగినదీ కావాలన్నారు. నాట్యోత్పత్తి కథలోనే ఆట, కళ ఒక్క మాటలో కలిసి ఉండటం గమనార్హం. వాత్స్యాయనుడు కామసూత్రంలో చెప్పిన 64 కళల పట్టికలో ద్యూతవిశేషాలు, ఆకర్షక్రీడ అనే పాచికలాట ఉన్నాయి. ప్రహేళిక, కావ్యసమస్యాపూరణం కూడా అదే పట్టికలో ఉన్నాయి.

కావ్యాన్ని శ్రేణులుగా విభజించే సందర్భంలో ఈ పొత్తు చెదిరింది. దండి కావ్యాదర్శం తృతీయపరిచ్ఛేదంలో ప్రహేళికలకు క్రీడాగోష్ఠుల్లో ఉపయోగం ఉందని అంగీకరించాడు. ఆనందవర్ధనుడు చిత్రాన్ని ముఖ్యకావ్యంగా గాక కావ్యానుకరణంగా భావించాడు. మమ్మటుడు దానికి అధమస్థానమే ఇచ్చాడు. కళల పట్టికలో గౌరవం పొందిన శబ్దక్రీడ కావ్యశ్రేణిలో అట్టడుగుకు చేరింది.

తెలుగు అవధానం ఈ రెండు దృష్టుల నడుమ నిలిచిన ప్రక్రియ. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870-1950) జంటగా చేసిన అవధానాలు దానికి విశేషమైన జనాదరణ తెచ్చాయి. అభిమానులు అవధానపద్యాల ధారాశుద్ధిని మెచ్చుకొని వాటిని కవిత్వమన్నారు. వ్యతిరేకులు అవే పద్యాలను కాగితం మీద చదివి, ఇందులో కవిత్వమెంత అని ప్రశ్నించి, దీన్ని గారడీ అన్నారు. పద్యమే తీర్పుకు ఆధారమన్న ఊహ మాత్రం ఉభయులకూ సమానం. ఆ ఊహను పరీక్షించాలంటే ముందుగా క్రీడ అంటే ఏమిటో తేల్చుకోవాలి.

2. క్రీడాస్వరూపం - సూట్స్ నిర్వచనం:

డచ్ చరిత్రకారుడు యోహాన్ హైజింగా 1938లో వెలువరించిన 'హోమో లూడెన్స్'లో సంస్కృతికి మూలం క్రీడాప్రవృత్తిలో ఉందని వాదించాడు. 1953లో మరణానంతరం ప్రచురితమైన 'ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్'లో విట్గెన్‌స్టైన్, ఆటలన్నిటికీ ఉమ్మడి లక్షణమేదీ లేదని, ఒక కుటుంబంలోని వారి పోలికల వంటివి మాత్రమే వాటి మధ్య ఉంటాయని అన్నాడు. 1978లో 'ది గ్రాస్‌హాపర్' గ్రంథంలో బెర్నార్డ్ సూట్స్ ఈ అభిప్రాయాన్ని ఎదుర్కొని క్రీడకు నిర్వచనం సాధ్యమేనని నిరూపించబోయాడు. అతని అభిప్రాయసారం ఇది: అనవసరమైన ఆటంకాలను ఇష్టపూర్వకంగా తలకెత్తుకొని, వాటిని దాటడానికి చేసే ప్రయత్నమే ఆట.

కబడ్డీని చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ఎదుటి జట్టువారిని తాకి రావడమే కావలసిన పనైతే ఒకే ఊపిరిలో కూత పెట్టనక్కరలేదు. ఆ నిబంధన పనిని కష్టతరం చేస్తుంది. ఆ కష్టం ఉంటేనే ఆట ఉంటుంది. ఆటగాడు నిబంధనను అంగీకరించేది దానివల్ల వేరే లాభం ఉండి కాదు, అది ఆటను సాధ్యం చేస్తుంది కాబట్టి.

సూట్స్ చెప్పిన అంగాలు నాలుగూ అవధానంలో ఉన్నాయి. ఇచ్చిన విషయం మీద ఛందోబద్ధమైన, అర్థవంతమైన పద్యం చెప్పడం గమ్యం. కాగితం, కలం, ఏకాంతం, దిద్దుకొనే అవకాశం వంటి సులభసాధనాలను వదులుకోవడం రెండవది. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, అప్రస్తుతప్రసంగం మొదలైన అంశాలు విధించే నియమాలు మూడవది. ఆ నియమాలను అవధాని ఇష్టంతో స్వీకరించడం నాలుగవది. పద్యమే పరమార్థమైతే అవధాని ఇంట్లో కూర్చుని ఇంతకంటె మంచి పద్యం రాయగలడు. అతడు సభకు రావడమే పద్యం ఒక్కటే అతని లక్ష్యం కాదనడానికి నిదర్శనం.

3. నిషిద్ధాక్షరి - జాడకు, చర్యకు మధ్య దూరం:

నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కొక్క అక్షరమే చెబుతాడు. తరువాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు నిషేధిస్తాడు. శ్రీరామప్రార్థనను కందంలో చెప్పమన్నారని, అవధాని 'రా' అని మొదలుపెట్టాడని అనుకుందాం. పృచ్ఛకుడు వెంటనే 'మ'ను నిషేధిస్తాడు. అవధానికి 'జ' ఉంది, 'ఘ' ఉంది. 'జ' తీసుకుంటే రాజకుల, రాజవర, రాజస, రాజన్య అని పలుదారులు తెరిచి ఉంటాయి. పైగా కందంలో రెండవ అక్షరం ప్రాసస్థానం కనుక తక్కిన మూడు పాదాలకూ జకారప్రాస సులువుగా దొరుకుతుంది.

అవధాని అలా కాక 'ఘ' అన్నాడనుకుందాం. 'రాఘవ' అన్న మాట సభ అంతటికీ స్ఫురిస్తుంది. పృచ్ఛకుడు 'వ'ను మూసివేస్తాడు. దారి మూసుకుపోయిందని అందరూ అనుకొనే క్షణంలో అవధాని 'న' అంటాడు. వెంటనే 'రా' సంజ్ఞావాచకంలోని భాగం కాకుండా పోయి, 'రమ్ము' అనే క్రియ అవుతుంది. 'ఘన'తో మరొక పదం మొదలై 'రా ఘనగుణధామ' అని ప్రార్థన సాగుతుంది. కందగణాలకూ ఇది సరిపోతుంది: గురువు, లఘువు, లఘువు కలిసి భగణం. ఘకారప్రాస బరువు మాత్రం మిగిలిన పాదాల్లో అతన్ని వెంటాడుతూనే ఉంటుంది.

ఈ ఊహాసన్నివేశంలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ముద్రణలో 'రా ఘనగుణధామ' అతిసాధారణమైన సంబోధన. చదువరి దాని దగ్గర ఒక్క క్షణమైనా ఆగడు. సభలో అదే మాట ఒక సాహసం. రెండవది, ఆ సౌందర్యం పదాలలో లేదు. పడిన అడ్డుకు, తప్పించుకున్న తీరుకు మధ్య ఉన్న పొందికలో ఉంది. ఆ పొందికను పద్యపాఠం తనలో దాచుకోలేదు. నిషేధించిన అక్షరాలను తీసివేసి పద్యాన్ని మాత్రమే ముద్రిస్తే, ఒక చదరంగపు ఆటలోని ఎత్తులన్నీ తీసివేసి చివర మిగిలిన పావుల స్థితిని మాత్రమే చూపినట్టవుతుంది.

దత్తపదిలోనూ ఇదే తీరు. 'కారు' అన్న వాహనవాచకాన్ని రామాయణార్థంలో పొదగమంటే, అవధాని దాన్ని 'కారుమబ్బు'లో కలపవచ్చు, 'వారు మిత్రులు కారు' అన్న క్రియగా మార్చవచ్చు. ఇచ్చిన పదం ఇదేనని తెలిసినవారికే ఆ రూపాంతరంలోని చమత్కారం అందుతుంది.

4. ఛందస్సు కూడా ఆటంకమే కదా:

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. యతిప్రాసలు, గణనియమాలు కూడా అనవసరమైన ఆటంకాలే. ఆ లెక్కన పద్యకావ్యమంతా క్రీడే కావాలి. అలాంటప్పుడు అవధానానికి ప్రత్యేకత ఏముంది?

నియమం దేనికోసం అన్న ప్రశ్న వద్ద ఈ ఆక్షేపణ వీగిపోతుంది. కావ్యకవి ఛందస్సును ఫలితం కోసం స్వీకరిస్తాడు. నడక, నాదం, జ్ఞాపకయోగ్యత ఆ ఫలితాలు. యతి కోసం తాను పడిన శ్రమ పాఠకుడికి కనపడకుండా దిద్దుకుంటాడు. ఆ శ్రమ కనిపిస్తే విమర్శకుడు దాన్ని దోషంగా పేర్కొంటాడు, అది కేవలం యతి కోసం వేసిన వ్యర్థపదమంటాడు. అవధానంలో పరిస్థితి తారుమారు. అక్కడ శ్రమ కనపడాలి, ఆటంకం సభకు తెలియాలి. కావ్యంలో నియమం సౌందర్యంలో లీనమైపోతుంది, అవధానంలో నియమంతో తలపడటమే సౌందర్యానికి ఆధారం. అందువల్ల మమ్మటుడి తీర్పు తప్పు కాదు, కామసూత్రపు పట్టికా తప్పు కాదు. ఒకటి మిగిలిన వస్తువును తూచింది, మరొకటి సాగిన చర్యను గుర్తించింది.

5. కర్తృత్వమే మాధ్యమం - పృచ్ఛకుని స్థానం:

సి. తి గుయెన్ 2020లో ప్రచురించిన 'గేమ్స్: ఏజెన్సీ యాజ్ ఆర్ట్' ఈ చర్చను మరొక మెట్టు ఎక్కించింది. చిత్రకారుడికి రంగు, గాయకుడికి స్వరం మాధ్యమాలైతే, ఆటను రూపొందించేవాడికి మాధ్యమం ఆటగాడి కర్తృత్వమే అని అతని సిద్ధాంతం. ఏది కోరుకోవాలి, ఏ శక్తులు వాడవచ్చు, ఏ అడ్డంకులు ఎదురవుతాయి అన్నవాటిని నిర్ణయించడం ద్వారా రూపకర్త ఒక విధమైన కర్తృత్వాన్ని మలుస్తాడు. ఆటగాడు కొంతసేపు దాన్ని ధరిస్తాడు. గెలుపు కోసమే ఆడే ఆటను, ప్రయాసలోని అనుభవం కోసం గెలుపును తాత్కాలికంగా కోరుకొనే ఆటను అతడు వేరుచేశాడు. రెండవ రకంలో గమ్యం ఒక సాకు, ప్రయాణమే అసలు ప్రయోజనం.

ఈ దృష్టితో చూస్తే అవధానంలో పృచ్ఛకుడి స్థానం మారుతుంది. సాధారణంగా అతన్ని పరీక్షకుడిగానో, సహాయకుడిగానో భావిస్తారు. నిజానికి అతడు సహకళాకారుడు. సాధారణక్రీడలో నియమాలను రూపొందించేవాడు ఆట మొదలయ్యే ముందే తన పని ముగిస్తాడు. నిషిద్ధాక్షరిలో ఆటంకాలు అక్షరం అక్షరానికీ అక్కడికక్కడే పుడతాయి. ఊహకు అందిన అక్షరాన్నే మూసివేయగల పృచ్ఛకుడు లేకపోతే 'రా ఘన' అన్న మలుపు పుట్టదు. అసాధ్యమైనది అడిగే పృచ్ఛకుడు ఆటను చెడగొడతాడు. ముందే పరిచితమైన సమస్య ఇచ్చేవాడు ఆటను చంపుతాడు. మంచి పృచ్ఛకుడు కష్టానికీ సాధ్యతకూ మధ్య ఉన్న సన్నని దారిని వెతుకుతాడు. అవధానవిమర్శ అవధానులపై రాసినంతగా పృచ్ఛకులపైనా రాయవలసిన అవసరం ఇందువల్ల ఏర్పడుతోంది.

6. ఆస్వాదం ఎవరిది?

గుయెన్ సిద్ధాంతం యథాతథంగా అవధానానికి సరిపోదు. క్రీడాసౌందర్యం ప్రధానంగా ఆటగాడి స్వీయానుభవంలో ఉందని అతని వాదం. తన నిర్ణయం సరిగ్గా అమరినప్పటి సొగసు ఆడినవాడికే లోపలినుంచి తెలుస్తుంది. అభినవగుప్తుడి రసచర్చ దీనికి పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. అతని అభిప్రాయంలో రసం నటుడిలో లేదు. నటుడు ఆస్వాదానికి సాధనం, అందుకే అతన్ని 'పాత్ర' అంటారు. పాత్ర తనలోని పానీయాన్ని రుచి చూడదు. ఆస్వాదించేవాడు సహృదయసామాజికుడు.

అవధానం ఈ రెండిటి మధ్య ఉంది. అవధాని కేవలం పాత్ర కాడు, సంకటం అతనికి నిజంగానే ఎదురవుతుంది. అయినా అతడు ఆడేది తనకోసం మాత్రమే కాదు, సభ కోసం కూడా. సభలోని ఛందోవేత్త ఊరకే చూస్తూ కూర్చోడు. 'వ'ను నిషేధించగానే తానైతే ఏ అక్షరం వేసేవాడో లోలోపల వెతుకుతాడు. తనకు దొరకని దారి అవధానికి దొరికినప్పుడు అతనికి కలిగే ఆనందం ప్రేక్షకుడిది మాత్రమే కాదు, మానసికంగా ఆడి ఓడినవాడిది కూడా. ఇక్కడ సహృదయత్వం అంటే సహక్రీడనం.

నేటి సభకు దీనివల్ల ఒక కఠినప్రశ్న ఎదురవుతుంది. గణాలు, ప్రాస తెలియని ప్రేక్షకుడికి నిషిద్ధాక్షరి ఒక మూసిన పెట్టె. లోపల ఏదో అద్భుతం జరిగిందని మాత్రమే అతనికి తెలుస్తుంది, ఏది అద్భుతమో తెలియదు. అతడు చప్పట్లు కొడతాడు, కానీ ఆ చప్పట్లు ఫలితానికే తప్ప నిర్ణయానికి కావు. గారడీ అన్న నింద అవధానానికి వర్తించేది సరిగ్గా ఇటువంటి సభలోనే. ప్రక్రియ తనంతట తాను గారడీ కాదు, దాని నియమాలు తెలియని సభ దాన్ని గారడీగా మారుస్తుంది.

7. సంఖ్య తెచ్చే ప్రమాదం:

క్రీడల్లోని స్పష్టమైన లెక్కలు జీవితంలోని సూక్ష్మవిలువలను మింగివేసే ప్రమాదాన్ని కూడా గుయెన్ హెచ్చరించాడు. అవధానంలో ఆ లెక్క పృచ్ఛకుల సంఖ్య. అష్టావధానం, శతావధానం, సహస్రావధానం అని మెట్లు పెరిగేకొద్దీ ధారణకు పరీక్ష పెరుగుతుంది. ధారణ మహత్తరశక్తి అనడంలో సందేహం లేదు. కానీ సంఖ్య పెరిగినంత మాత్రాన ఒక్కొక్క అంశంలోని తలపాటు సాంద్రమవుతుందని చెప్పలేం. సంఖ్యనే ప్రతిభకు కొలమానంగా తీసుకుంటే ఒక అష్టావధానంలో జరిగిన అపూర్వమైన మలుపు లెక్కకు రాకుండా పోతుంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి:

1. అవధానంలో కళావస్తువు పద్యం కాదు. స్వచ్ఛందంగా స్వీకరించిన ఆటంకాల నడుమ సాగే నిర్ణయక్రమం. పద్యం దానికి సాక్ష్యం.

2. కావ్యప్రమాణాలతో అవధానపద్యాన్ని తూచి తక్కువ చేయడం, అవే ప్రమాణాలతో దాన్ని సమర్థించడం రెండూ ఒకే పొరపాటు నుండి పుట్టినవి.

3. పృచ్ఛకుడు అవధానకళలో సహనిర్మాత. అతని ప్రశ్నాశిల్పం కూడా విమర్శకు విషయం కావాలి.

4. అవధానసంకలనాలు నిషేధించిన అక్షరాలను, ఇచ్చిన దత్తపదాలను, ప్రశ్నక్రమాన్ని పద్యంతోపాటు నమోదు చేయడం అవసరం. అవి లేని సంకలనం కవితాసంపుటి అవుతుంది తప్ప అవధానచరిత్ర కాదు.

5. అవధానభవిష్యత్తు అవధానుల సంఖ్య మీదకంటె, లోలోపల తానూ ఒక అక్షరం వెతుక్కోగల శ్రోతల సంఖ్య మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. అందుచేత పాఠశాలల్లో, కళాశాలల్లో ఛందోబోధన పద్యరచయితలను తయారుచేయడానికి మాత్రమే కాదు, ఒక కళకు సభను సమకూర్చడానికి కూడా.