అడుగుకు పన్నెండడుగులు

ఆగిరిపల్లిలో శోభనాచలం మెట్లెక్కిన వాళ్లకు ఎత్తు అంటే ఏమిటో మోకాళ్లే చెబుతాయి. మెట్టు ప్రతిసారీ ఒంటి బరువునంతా ఒక్క ఊపున పైకి లేపమంటుంది. ర్యాంపు అదే పనిని దూరం పొడవునా పరుస్తుంది. దాని నైపుణ్యమంతా ఆ పరచడంలోనే ఉంది.

చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపుకు 1:12 కంటే నిటారు వాలు ఉండకూడదు. అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. మనిషి, కుర్చీ కలిపి 90 కిలోలుంటే, ఈ వాలు మీద చేతులు తోయాల్సింది సుమారు ఏడున్నర కిలోలు. చక్రాల రాపిడి అదనం. ఇంట్లోకి మోటారు సైకిలు ఎక్కించడానికి గుమ్మం ముందు పోసుకునే సిమెంటు వాలు 1:4 ఉందనుకోండి, అదే కుర్చీకి 22 కిలోలు తోయాలి. ఇంజనుకు అదొక లెక్క కాదు, భుజాలకు మాత్రం దాదాపు అసాధ్యం.

అడుగున్నర బేస్‌మెంటుకు 18 అడుగుల ర్యాంపు కావాలి. అంత స్థలం లేకపోతే మధ్యలో మడత వేస్తారు. ఆ మలుపు దగ్గర, పైన తలుపు ముందు ఐదడుగుల సమతలం వదలాలి. తలుపు లాగడానికి ఒక చెయ్యి చక్రాన్ని వదిలేస్తుంది కదా, అప్పుడు కుర్చీ వెనక్కి జారకూడదు. అంచున కట్టే చిన్న గట్టు ముందు చక్రం పక్కకు జారకుండా ఆపుతుంది. చేతికడ్డీ వాలు ముగిశాక కూడా అడుగు దూరం సాగుతుంది. చివరి అడుగు వేసే ముసలివాళ్లకు పట్టు దొరికేది అక్కడే. సిమెంటు తడిగా ఉండగానే మేస్త్రీ చీపురుతో అడ్డంగా గీసే గీతలు వానలో చక్రాన్ని పట్టి ఉంచుతాయి. నాకు ఇందులో అన్నిటికన్నా ముచ్చటైన పని అదే.

పెద్ద వాస్తుశిల్పులు ర్యాంపును కట్టడానికి గుండెగా చేశారు. ఫ్రాన్స్‌లో 1931లో పూర్తయిన విలా సవోయ్ నడిమధ్యన లె కార్బూజియె దాన్ని పెట్టాడు. అహ్మదాబాద్ మిల్లు యజమానుల సంఘ భవనంలో అయితే బయటి నుంచి నేరుగా మొదటి అంతస్తుకే ఎక్కించాడు. ర్యాంపు మీద నడుస్తుండగా చూపు తెగకుండా మెల్లగా లేస్తుంది. మెట్ల మీద చూపు పాదాల దగ్గరే ఉండిపోతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం తరువాత ప్రజాభవనాలకు ర్యాంపు తప్పనిసరి. బడికో, బ్యాంకుకో, పంచాయతీ ఆఫీసుకో ర్యాంపు కట్టించేవాళ్లు బేస్‌మెంటు ఎత్తును ముందే కొలిచి, పన్నెండుతో హెచ్చవేసి, ఆ పొడవును ప్లానులోనే వదలండి.