పరగడుపున ఒక గంట

థైరాయిడ్ ఉందని రిపోర్టు రాగానే ఇంట్లో మొదట వినిపించే మాట: "ఇక క్యాబేజీ మానెయ్యి." ఆ సాయంత్రానికే పెద్దమ్మ ఫోన్ చేసి కాలీఫ్లవర్ కూడా వద్దంటుంది. పక్కింటావిడ ఆవాల పోపు మానమంటుంది. ఒకరు మీల్ మేకర్ పేరెత్తితే ఇంకొకరు సజ్జరొట్టె పేరెత్తుతారు. వారం తిరిగేసరికి కంచంలో ఏం పెట్టుకోవాలో తెలియని స్థితి వస్తుంది. ఏళ్ళ తరబడి థైరాయిడ్ మాత్ర మింగుతున్నదాన్నిగా నాకు బోధపడింది ఒకటే. థైరాయిడ్ తక్కువైన మనిషి వంటింట్లో సర్దుకోవాల్సింది కూరలకంటే ముందు వేళలు.

ఆ మాత్రలోని మందు పేరు లెవోథైరాక్సిన్. దాని మోతాదులు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. 25, 50, 75, 100. అంత కాస్త మందు చిన్నపేగులోంచి రక్తంలోకి చేరాలి. కడుపులో ఇంకేదైనా ఉంటే సరిగ్గా ఒంటబట్టదు. అందుకే లేవగానే మంచినీళ్ళతో మాత్ర వేసుకుని, అరగంట నుంచి గంటదాకా ఇంకేమీ ముట్టుకోవద్దంటారు. చెప్పినంత తేలిక కాదది. మన ఇళ్ళలో తెల్లవారేదే కాఫీతో. రాత్రి పోసిన డికాక్షన్ ఫిల్టర్ అడుగున చిక్కగా దిగి ఉంటుంది, పాలు పొంగుకొస్తుంటాయి, ఆ వాసన వాకిటిదాకా వస్తుంది. అందరికీ గ్లాసులు అందించే మనిషే తన గ్లాసు పక్కన పెట్టి ఆగాలి. కాఫీ వెంటనే తాగితే మందు ఒంటికి పట్టడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది, పాలలోని కాల్షియం కూడా అడ్డమే. నేను మాత్రల స్ట్రిప్పు, మూతపెట్టిన మంచినీళ్ళ గ్లాసు మంచం పక్కనే పెట్టుకుంటాను. కళ్ళు తెరవగానే మాత్ర పడుతుంది. వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, స్నానం చేసి, కుక్కర్ ఎక్కించేసరికి గంట దాటుతుంది. కాఫీ అప్పుడు.

ఇంతకీ పరగడుపుకి పోటీ తక్కువేం లేదు. నిమ్మరసం తేనె పరగడుపునే, మెంతుల నీళ్ళు పరగడుపునే, బూడిదగుమ్మడి రసమూ పరగడుపునే అంటారు. థైరాయిడ్‌కి మంచిదని ధనియాల నీళ్ళు మరిగించి తాగేవాళ్ళూ ఉన్నారు. తాగాలనిపిస్తే తాగండి, మాత్ర తర్వాత గంట గడిచాక. ఆ గంట మాత్రం మందుదే. తెల్లవారుజామున అసలు వీలుపడని ఉద్యోగాలవాళ్ళు డాక్టరుతో మాట్లాడి, రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసుకోవచ్చు. రోజూ ఒకే పద్ధతిలో వేసుకోవడం ముఖ్యం.

ఎక్కువమంది ఆడవాళ్ళు దెబ్బతింటున్నది ఇంకోచోట. రక్తం తక్కువని ఐరన్ మాత్ర, మోకాళ్ళ నొప్పులకని కాల్షియం మాత్ర, అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ఇడ్లీ తిన్నాక అన్నీ ఒక్కసారే అరచేతిలో వేసుకుని మింగేస్తారు. ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మందుని కడుపులోనే పట్టేసుకుంటాయి. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అంకె దిగిరాదు. మోతాదు పెంచుతారు, అయినా ఒళ్ళు బరువు, నీరసం అలాగే ఉంటాయి. మధ్యలో నాలుగు గంటల ఎడం ఉంటే చాలు. కాల్షియం మధ్యాహ్నం అన్నంతో, ఐరన్ రాత్రికి. ఈ చిన్న సర్దుబాటు మందుల చీటీ మీద ఎవరైనా పెద్ద అక్షరాలతో రాసిస్తే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

క్యాబేజీ మీది నింద ఊరికే పుట్టలేదు. 1928లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు కుందేళ్ళకు రోజూ పచ్చి క్యాబేజీ పెడితే వాటికి గొంతు దగ్గర గాయిటర్ పెరిగింది. ఆ కుందేళ్ళ ఆహారమంతా దాదాపు అదే. మనం క్యాబేజీ సన్నగా తరిగి, పెసరపప్పు వేసి మగ్గించి, పైన కొబ్బరి కోరు చల్లి తింటాం. అయోడిన్‌కి అడ్డుపడే పదార్థాన్ని విడుదలచేసే ఎంజైము వేడికి చాలావరకు చచ్చిపోతుంది. వారానికి ఒకట్రెండుసార్లు కూర తింటే భయం లేదు. పోపులో చెంచాడు ఆవాల గురించి చర్చే అక్కర్లేదు. సజ్జల్లో గాయిటర్‌కి దోహదంచేసే పదార్థాలున్న మాట నిజమే, అయితే అది అయోడిన్ కొరత ఉండి మూడు పూటలా సజ్జలే తినే చోట్ల బాధ. చలికాలం రెండు సజ్జరొట్టెలు తినేవాళ్ళది కాదు. మీల్ మేకర్‌కీ వేళే నియమం: మాత్రకి దగ్గరగా వద్దు.

ఉప్పు సంగతి వేరు, దాని గురించి నాకు పట్టుదల ఎక్కువ. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. లోయను భాగాలు చేసి, కొన్నిచోట్ల అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకచోట మామూలు ఉప్పు అందేలా చూశారు. కొన్నేళ్ళలో అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం వచ్చింది. ఈ రోజు మన వంటింటి ఉప్పు పొట్లం వెనక ఒక తెలుగు డాక్టరు పడిన శ్రమ ఉంది. కొండప్రాంతాల మట్టిలో అయోడిన్ కొట్టుకుపోవడం వల్లే హిమాలయ పాదాల్లో అంతమందికి గొంతులు వాచాయి. అలాంటిది, గులాబీరంగు హిమాలయ ఉప్పు ఆరోగ్యమని మామూలు ఉప్పు మానేసేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. ఆవకాయకి రాళ్ళుప్పు వాడుకోండి. రోజూ కూరలో పడేది మాత్రం అయోడిన్ ఉప్పే కావాలి, అదీ ఎక్కువ వద్దు, మూత బిగించి పొయ్యికి దూరంగా పెట్టుకున్నది.

అలాగని అయోడిన్ పెంచితే జబ్బు నయమవుతుందనుకుని సముద్రపు నాచు మాత్రలు తెప్పించుకోవద్దు. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించేది 1912లో హషిమోటో అనే జపాన్ వైద్యుడు వర్ణించిన జబ్బు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద దాడిచేస్తుంది. అక్కడ అదనపు అయోడిన్ మేలు చేయకపోగా కీడు చేయవచ్చు.

బరువు గురించి ఆడపిల్లలు పడే దుఃఖం చూడలేను. థైరాయిడ్ తగ్గడంవల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలు, అందులో చాలా భాగం నీరూ ఉప్పే. దానికోసం అన్నం పూర్తిగా మానేసి, కళ్ళు తిరిగి పడిపోయే పనిలేదు. అన్నం కొంచెం తగ్గించి ఆ చోట పప్పు, గుడ్డు, తోటకూర, గోంగూర, బీరకాయ కూర చేర్చండి. మలబద్ధకానికీ అదే మందు. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్ళు రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. అది పరీక్ష ఫలితాన్నే తారుమారు చేస్తుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది కొత్త కోడళ్ళకీ, వాళ్ళ అత్తగార్లకీ. నెల తప్పిందని తెలిసిన వారంలోనే టీఎస్‌హెచ్ చేయించి డాక్టరుని కలవండి. మాత్ర ఆపొద్దు. తొలి మూడు నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి హార్మోనే ఆధారం, చాలామందికి మోతాదు పెంచాల్సి వస్తుంది. బొప్పాయి తినొచ్చా అని వాదించుకునే ఇళ్ళలో ఈ పరీక్ష మాట ఎవరికీ గుర్తురాదు. తర్వాత ఆశా కార్యకర్త ఐరన్ మాత్రలు తెచ్చి ఇస్తుంది. అవి రాత్రి భోజనమయ్యాక. థైరాయిడ్ మాత్ర తెల్లవారి, కాఫీకి గంట ముందు.