నిదురలోని చేతకు బాధ్యులెవరు?
‘మూన్‌స్టోన్’ నవలపై శాస్త్రదృష్టితో ఒక విమర్శ

ఒక ఇంట విలువైన వజ్రము మాయమైనది. దొంగను పట్టుకొనుటకై అందరికంటె ఎక్కువగ పాటుపడిన యువకుడే దానిని పెట్టెనుండి తీసినవాడని తుదకు తేలినది. అతడు అబద్ధమాడలేదు, తాను చేసిన పని అతనికే తెలియదు. విల్కీ కాలిన్స్ అను ఆంగ్ల రచయిత 1868లో ప్రకటించిన ‘ది మూన్‌స్టోన్’ నవలకు ఇదియే కీలకము.

ఆంగ్లమున అపరాధ పరిశోధక నవలలకు త్రోవచూపిన గ్రంథములలో దీనికి ముఖ్యస్థానము కలదు. దాని కథాకౌశలమును మెచ్చుకొనినవారు అనేకులు. ఇచ్చట విచారింపవలసినది వేరొకటి. మనిషి తెలివిలేని స్థితిలో చేసిన పనికి ఎంతవరకు బాధ్యుడు అను ప్రశ్నకు ఈ నవల ఒక సమాధానము చెప్పుచున్నది. అంతేకాదు, కథలోని ప్రయోగమును గ్రంథములవలనను నిపుణులవలనను విచారించి తెలిసికొనియే వ్రాసితినని రచయిత పీఠికలో చెప్పుకొనెను. కావున దానిని శాస్త్రపు కొలబద్దతో కొలిచిచూచుట అన్యాయము కాదు.

కథాసారము

1799లో శ్రీరంగపట్టణ ముట్టడినాడు ఒక ఆంగ్ల సైనికాధికారి పసుపుపచ్చని వజ్రమొకటి అపహరించును. అది పూర్వము సోమనాథములోని చంద్రదేవుని విగ్రహమునకు చెందినదని కథ. అతని మరణానంతరము ఆ వజ్రము ఇంగ్లండులో అతని మేనకోడలు రేచల్‌కు 1848 జూన్ నెలలో ఆమె పుట్టినరోజు కానుకగ చేరును. తెచ్చి ఇచ్చినవాడు ఫ్రాంక్లిన్ బ్లేక్. ఆమెకొరకు అతడు పొగ త్రాగుట మానుకొనెను. దానివలన రాత్రులు నిద్ర కరవైనది. విందులో అతడు వైద్యవృత్తిని ఎగతాళి చేయగా, క్యాండీ అను డాక్టరు అతనికి బుద్ధిచెప్పదలచి, చెప్పకుండ పానీయములో లాడనమ్ అను నల్లమందు ద్రావకమును కలిపించెను. వజ్రము భద్రముగ ఉండునో లేదో అను బెంగతోనే బ్లేక్ ఆ రాత్రి పడకజేరెను. తెల్లవారునప్పటికి వజ్రము లేదు.

బ్లేక్ వజ్రమును తీయుట రేచల్ కన్నులార చూచినది. ప్రేమవలన ఆ సంగతి ఎవరికిని చెప్పక లోలోన కుమిలినది. ఏడాది తరువాత, డాక్టరుకు సహాయకుడైన ఎజ్రా జెన్నింగ్స్ జరిగినది ఊహించి, అదే ఇంటిలో, అవే పరిస్థితులు కల్పించి, బ్లేక్‌కు మరల నల్లమందు ఇచ్చెను. బ్లేక్ లేచి నడచి నకిలీ వజ్రమును చేత పట్టుకొనెను. అందరును అతడు నిర్దోషి అని నమ్మిరి. మొదటి రాత్రి భద్రపరచుమని అతడిచ్చిన అసలు వజ్రమును కాజేసినవాడు మరియొకడని పిమ్మట తేలినది.

శాస్త్రమునకు పొసగిన అంశములు

కాలిన్స్ ఈ నవల వ్రాయునాటికి నిద్రించు మెదడును కొలుచు సాధనమేదియు లేదు. అయినను కొన్ని విషయములలో అతని చూపు మెచ్చదగినది.

మొదటిది, నిద్రలేమి. పొగ మానినందున నిద్ర చెడినవాడు ఆ రాత్రి వింతగ ప్రవర్తించెనని చెప్పుట ఉత్త అలంకారము కాదు. నిద్రలో నడుచు స్వభావము గలవారికి, కొన్నిరోజులు నిద్ర చాలనిచో, తరువాత వచ్చు గాఢనిద్రలో నడక అధికమగునని నేడు ప్రయోగశాలలో కూడ చూచియున్నారు.

రెండవది, తెరచిన కన్నులు. రేచల్ చూచిన మనిషి కన్నులు తెరచి, కొవ్వొత్తి పట్టుకొని, తిన్నగ నడచి వచ్చెను. అతడు తెలివితోనే ఉన్నాడని ఆమె నిశ్చయించుకొనినది. నిద్రలో నడుచువారి కన్నులును చాలవరకు తెరచియే ఉండును. వారు తలుపు తీయగలరు, మెట్లు దిగగలరు, పొడిమాటలు పలుకగలరు. కన్ను తెరచియున్నంత మాత్రమున మనసు మేలుకొనినట్లు కాదు. ప్రత్యక్షసాక్షి నిజమే చెప్పి కూడ పొరపడవచ్చునని చూపుట ఈ నవలలోని గొప్ప పాఠము.

మూడవది, మరపు. మత్తులో పోగొట్టుకొనిన మూట సంగతి మరల మత్తులో ఉన్నప్పుడే జ్ఞప్తికి వచ్చిన ఒక కూలివాని ముచ్చటను కాలిన్స్ నాటి వైద్యగ్రంథమునుండి గ్రహించెను. ఒక స్థితిలో నేర్చినది అదే స్థితిలో మరింత తేలికగ గుర్తుకువచ్చునని, మద్యముతో మనుషులపై జరిపిన ప్రయోగముల వలన 1969లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నవలాకారుని ఊహకు నూరేండ్ల తరువాత లభించిన బలమిది.

పొసగనివి

బ్లేక్ ఆ రాత్రి నిజముగ నిద్రలో నడచెనా? పలువురు పాఠకులు అట్లే తలచెదరు. కాని జెన్నింగ్స్ ఇచ్చిన వివరణను శ్రద్ధతో చదివినచో, నల్లమందు మొదట మనసును ఉద్రేకపరచి తరువాత జోకొట్టెననియు, ఆ మొదటి దశలోనే బ్లేక్ లేచెననియు తెలియును. అనగా అది నిద్ర కాదు, మత్తు. ఈ భేదము చిన్నదిగ తోచును గాని, శాస్త్రములోను న్యాయములోను చాల పెద్దది.

నిద్ర ఒకే తీరున సాగునది కాదు. రమారమి 90 నిమిషముల కొకమారు దాని దశలు తిరిగి వచ్చుచుండును. 1953లో షికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు కనుగ్రుడ్లు వేగముగ కదలు దశను కనుగొనిరి. కలలు ఎక్కువగ వచ్చునది ఆ దశలోనే. నిద్రలో నడచువారు తమ కలను నడచి చూపుచున్నారని పూర్వము అనుకొనెడివారు. 1965లో రాత్రి పొడవున మెదడు తరంగములను నమోదుచేసి చూడగా, ఆ నడక కలల దశలో కాక, అలలు మందముగ సాగు గాఢనిద్ర దశలో మొదలగుచున్నదని తేలినది. ఆ దశ రాత్రి మొదటి భాగములోనే అధికము. 1968లో బ్రౌటన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని మేల్కొనుటలోని లోపముగ వివరించెను: మెదడులో కొంతభాగము మేలుకొనును, కొంతభాగము నిదురించుచునే ఉండును. 2000లో స్విట్జర్లాండు పరిశోధకులు నడుచుచున్న క్షణమున ఒక రోగి మెదడులోని రక్తప్రసారమును చిత్రించి, ముందరి భాగములలో అది తగ్గియుండుట గమనించిరి. ముందువెనుకలు తూచి నిర్ణయము చేయుటకు ఆధారమైనవి ఆ భాగములే.

కలను నటించు వ్యాధి వేరు. 1986లో అమెరికాలో షెంక్, మహోవాల్డ్ ప్రభృతులు దానిని వివరించిరి. కలల దశలో సహజముగ కండరములు సడలియుండును. ఆ సడలింపు లోపించినవారు కలలోని శత్రువును తన్నబోయి ప్రక్కనున్న వారిని తన్నెదరు. ఇది ఎక్కువగ పెద్దవయసు మగవారిలో, తెల్లవారుజామున కనబడును.

ఇక జెన్నింగ్స్ ప్రయోగము. మొదటి రాత్రి ఇచ్చినదానికంటె ఎక్కువ మోతాదు మందు ఈ మారు ఇచ్చిరి. రోగికి తనపై జరుగు పరీక్ష ఏమిటో ముందే తెలియును. కోరిన ఫలితము కోరిన రాత్రియే వచ్చినది. పాఠశాలలో విద్యార్థి ఇట్టి ప్రయోగము వ్రాసికొని వచ్చినచో ఉపాధ్యాయుడు అంగీకరింపడు. నిజమైన నిద్రాప్రయోగశాలలో నడుచు అలవాటున్నవాడు సయితము పిలిచిన రాత్రి నడచునను భరోసా లేదు. ఒకవేళ నడచినను, నేరము జరిగిన రాత్రియు అట్లే నడచెనని దానివలన రుజువు కాదు.

నవలలోని తీర్పు, న్యాయస్థానపు తీర్పు

నవలలో అసలు లోపము ఈ ప్రయోగమునకు సంబంధించినది కూడ కాదు. బ్లేక్‌ను పాఠకుడు ఎందుకు క్షమించును? అతడు వజ్రమును కాపాడవలెనను మంచి తలంపుతో తీసెను గనుక. అనగా తెలివి తప్పినను లోపలి మంచితనము చేతిని నడిపించినదని నవల చెప్పుచున్నది. షేక్స్‌పియరు ‘మాక్బెత్’లో రాణి నిద్రలో నడచుచు చేతులు కడుగుకొనుచు తన పాపమును బయటపెట్టును. అక్కడ చెడుతలంపు, ఇక్కడ మంచితలంపు. రెంటికిని మూలము ఒకే విశ్వాసము: నిద్ర మనిషి హృదయమును విప్పిచూపునని.

ఈ విశ్వాసము ఎంత ప్రమాదకరమో నవల వెలువడిన పదేండ్లకే గ్లాస్గో నగరమున తెలిసివచ్చినది. 1878లో సైమన్ ఫ్రేజర్ అనువాడు రాత్రివేళ నిద్రనుండి లేచి, తెల్లని మృగమొకటి నేలలోనుండి పైకివచ్చి బిడ్డపై పడుచున్నదని భ్రమించి, దానిని పట్టి గోడకు కొట్టెను. అతడు కొట్టినది తన పసికుమారుని. బిడ్డ మరణించెను. అతనికి చిన్ననాటినుండి నిద్రలో లేచు వ్యాధి కలదని సాక్ష్యము వచ్చినది. తెలివిలేని స్థితిలో చంపెనని జూరీ చెప్పినది. ఇకమీదట ఒంటరిగ నిద్రించెదనని అతడు హామీ ఇచ్చిన పిమ్మట విడిచిపెట్టిరి.

1987లో కెనడాలోని టొరాంటో ప్రాంతమున పార్క్స్ అను యువకుడు రాత్రి లేచి, సుమారు 23 కిలోమీటర్లు కారు నడుపుకొనిపోయి, అత్తగారిని చంపి, మామగారిని తీవ్రముగ గాయపరచెను. పిదప తానే పోలీసుస్టేషనుకు పోయి, ఎవరినో చంపితినని తోచుచున్నదని చెప్పెను. చేతుల నరములు తెగియున్నను నొప్పి ఎరుగడు. అత్తమామలతో అతనికి స్నేహమే కాని వైరము లేదు. కుటుంబమున పలువురికి నిద్రావ్యాధులు కలవు. నిపుణులు అతని నిద్రాతరంగముల నమోదును కూడ పరిశీలించిరి. 1988లో నిర్దోషి అని తీర్పు వచ్చినది. 1992లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది.

కాలిన్స్ కొలబద్దతో పార్క్స్‌ను కొలిచిన ఏమగును? అత్తగారిపై అతనికి లోలోపల ద్వేషముండెనా అని తవ్వవలసివచ్చును. తవ్వినచో ఏ మనిషి హృదయమందైనను ఏదో ఒకటి దొరకకపోదు. అతనికి జూదపు అప్పులుండెను. దానినే కారణముగ చూపవచ్చును. కాని న్యాయమడుగవలసిన ప్రశ్న అది కాదు. మంచికో చెడుకో నిర్ణయించుకొను మనిషి ఆ క్షణమున మేలుకొనియుండెనా లేదా అనునదే అసలు ప్రశ్న. బ్లేక్ మంచివాడు గనుక నిర్దోషి. ఫ్రేజర్, పార్క్స్ నిర్ణయించు స్థితిలోనే లేరు గనుక నిర్దోషులు. మొదటిది దయ, రెండవది న్యాయము.

భారతదేశపు చట్టములో

1860 నాటి భారత శిక్షాస్మృతి, నవలకు ఎనిమిదేండ్లు ముందే, బ్లేక్ వంటివారిని తలచికొనెను. తనకు తెలియకుండ ఇచ్చిన మత్తుపదార్థమువలన పని స్వభావము తెలియని స్థితిలో చేసినది నేరము కాదని దాని 85వ సెక్షను చెప్పినది. ఇప్పుడు అది భారతీయ న్యాయసంహితలో 23వ సెక్షను. ఈ సంహిత 2024 జూలై 1వ తేదీనుండి అమలులో ఉన్నది. పైగా దురుద్దేశము లేనిదే దొంగతనమే లేదు. కావున మన చట్టము దృష్టిలో బ్లేక్‌ది సుళువైన కేసు.

నిద్రలో నడుచువానిది అట్లు కాదు. అతనికొరకు ప్రత్యేకముగ చెప్పిన సెక్షను లేదు. మనఃస్థిమితము లేనివారికి సంబంధించిన పాత 84వ సెక్షను, నేటి 22వ సెక్షను ఆశ్రయింపవలసివచ్చును. 1959 నాటి న్యాయనివేదికలలో మద్రాసు హైకోర్టుకు వచ్చిన ఇట్టి వాదమొకటి కనబడును; తగిన సాక్ష్యము లేదని కోర్టు దానిని అంగీకరింపలేదు. ఇంగ్లండులో 1991లో బర్జెస్ కేసున, నిద్రలో చేసిన దాడిని లోపలి కారణమువలన కలిగిన మనోవ్యాధిగ పరిగణించి, మతిభ్రమ వలన దోషి కాడను తీర్పును నిలబెట్టిరి. కెనడాలో పూర్తిగ నిర్దోషి, ఇంగ్లండులో మతిభ్రష్టుడు! ఒకే వ్యాధికి సముద్రమునకు ఈవల ఒక పేరు, ఆవల ఒక పేరు. నిద్రలో నడుచువాడు పగటిపూట అందరివలెనే స్థిమితముగ ఉండును. పిచ్చివాడను ముద్ర అతనికి తగదు. అయితే మరల అట్లు జరుగకుండ చూచు అధికారము కోర్టుకు ఉండవలెను గదా అను ఇంగ్లండు న్యాయమూర్తుల ఆలోచనయు కొట్టివేయదగినది కాదు. చచ్చిపోయినవారి బంధువులకును న్యాయము కావలెను.

నిద్రపోయినవానిని లేపవచ్చును గాని నిద్ర నటించువానిని లేపలేమని సామెత. ఆ నటనను పట్టుకొనుట ఎట్లు? ఒక్క పరీక్ష చాలదు. చిన్ననాటినుండి వ్యాధి కలదా, కుటుంబమున ఉన్నదా, నిద్రపట్టిన ఎంతసేపటికి జరిగినది, ముందు సన్నాహమేమైన ఉన్నదా, మేల్కొనినప్పుడు తికమకపడెనా, దాచుటకు యత్నించెనా, ఇవన్నియు కలిపి చూడవలెను. ప్రయోగశాల నమోదు వీనికి తోడు మాత్రమే.

కాలిన్స్ చూపని మరియొక సంగతి కలదు. ఫ్రేజర్ ఒంటరిగ నిద్రించెదనని ఇచ్చిన మాటలో ఒక గొప్ప సూక్ష్మమున్నది. నిద్రించువానికి బాధ్యత లేదు. కాని తన వ్యాధి ఎరిగిన తరువాత మేలుకొనియున్న మనిషికి బాధ్యత కలదు. తలుపులకు గడియ వేయించుట, ఆయుధములు దూరముంచుట, రాత్రి మేల్కొనుట మానుట, వైద్యుని చూచుట అతని విధులు. కొన్ని నిద్రమాత్రలవలన తెలివిలేకయే లేచి తిరుగుట, కారు నడుపుట కలుగవచ్చునని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జోల్పిడెమ్ వంటి మందులపై గట్టి హెచ్చరిక ముద్రింపజేసినది. క్యాండీ డాక్టరు వేళాకోళముగ చేసినది నేడు మందుచీటీ లేకుండ మాత్ర మ్రింగువాడు తనకు తానే చేసికొనవచ్చును.

తరగతిలో ‘మూన్‌స్టోన్’ కథ చెప్పదలచిన ఉపాధ్యాయుడు నిస్సంశయముగ చెప్పవచ్చును. చెప్పిన పిదప విద్యార్థులను రెండు ప్రశ్నలు అడుగవలెను. బ్లేక్ వజ్రమును కాపాడుటకు గాక, ద్వేషముతో పగులగొట్టుటకు తీసియున్నచో, మీరు అతనిని క్షమించెదరా? క్షమింపనిచో, మీరు తీర్పు చెప్పుచున్నది అతని చేతకా, అతని మంచితనమునకా? ఈ రెండు ప్రశ్నలను తప్పించుకొనుటచేతనే ఆ నవల అంత హాయిగ ముగిసినది. న్యాయస్థానములకు ఆ వెసులుబాటు లేదు.