జడ్డిగము – ప్రకటన రుసుము

పాత సామాను తూకమునకు పోరాదని ఈ శీర్షికలో నేనెన్నిమార్లు గొణిగితినో పాఠకులెరుగుదురు. ఆ మాట చెవిని బెట్టినవాడు మా తిరుమణిలో ఒక్కడైనను దొరకెనని ఈ వారము సంతోషించుచుండగా, ఆ కుర్రవాడే వచ్చి ఎట్సీ యను అంతర్జాలపు అంగడి నియమావళి వినిపించి నా సంతోషమును చెడగొట్టినాడు: ఆ అంగడివారు బయటి తావులలో పెట్టిన ప్రకటనను నొక్కి వచ్చినవాడు 30 దినములలో సరకు కొనినచో, ధరలో నూటికి 15 పాళ్లు ప్రకటన రుసుముగా పోవునట. సంతలో దళారి కూడ ఇంత యడుగడే యని మండిపడితిని.

వాడు అమ్మదలచినది జడ్డిగము, అనగా గొర్రుమీది విత్తనపు కొయ్యగిన్నె. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున సోలారు పార్కునకు భూమిని గుత్తకిచ్చిన పిమ్మట మా యూరి యిండ్లలోని గొర్రులు పనిలేక అటకలెక్కినవి. ఆ కొయ్యగిన్నె యడుగు రంధ్రములనుండి వెదురుగొట్టములు సాళ్లలోనికి దిగుచుండగా, వెనుక నడచు స్త్రీ పిడికిటిలోని గింజలను, ఎద్దుల నడకకు ఎక్కువ తక్కువలు కాకుండ, బొటనవ్రేలితో సడలించుచు వదలెడిది. మా యవ్వ చేయి పడిన చేనిలో మొలకల యెడము తప్పెడిది కాదని ఊరివారనుకొనెడివారు. విత్తనముల రాపిడికి నున్నబడిన ఆ రంధ్రములలో నేడు దొరసానులు కొవ్వొత్తులు గ్రుచ్చుదురట. గ్రుచ్చుకొందురు గాక, పొయ్యిలోనికి పోవుటకంటె మేలు. ఎట్సీ 20 ఏండ్లు నిండినదానిని పాతవస్తువుగా నొప్పుకొనును. మన 1972 నాటి పురావస్తు చట్టము నూరేండ్లు దాటిన కళావస్తువును ప్రైవేటువారు విదేశమునకు పంపనీయదు. జడ్డిగము ఈ రెంటి నడిమి వయస్సుదై యుండవలెను.

కోపము చల్లారిన పిమ్మట నియమమును మరల చదివించుకొంటిని. ప్రకటనల వెచ్చము ముందుగా అంగడివారే పెట్టుకొందురు. చూచిపోయినవారెందరైనను, బేరము కుదరనంతవరకు అమ్మకందారు ఆ పద్దు క్రింద పైసా యీయనక్కరలేదు. అనగా అమ్ముడుపోయిన జడ్డిగము, అమ్ముడుపోని దీపపు సెమ్మెల ప్రకటన ఖర్చును గూడ మోయుచున్నదన్నమాట. పూర్వము వర్తకశ్రేణులు సరకుపై మగమ యెత్తి దేవాలయమునకు అర్పించెడివారని శాసనములు చెప్పుచున్నవి. భక్తి మాట యటుండ, ఆ సొమ్ముతో జరిగిన తిరునాళ్లే వారి అంగళ్లకు జనమును తెచ్చెడివని నా యనుమానము.

ఏడాదిలో 10,000 డాలర్ల బేరము దాటినవానికి రుసుము 12 పాళ్లే గాని తప్పించుకొను దారి లేదు. చిన్నవాడు వలదన్నచో మానుకొనవచ్చును. పెద్దవానికి రాయితీ యేమని నాకింకను కినుకయే.

"అయితే మానుకొందునా, తాతా?" యని వాడడిగెను. వలదంటిని. తిరుమణి జడ్డిగమును సముద్రములకావల చూపుటకు వానియొద్ద వేరుగా డబ్బెక్కడిది? ఆ 15 పాళ్లు కలుపుకొనియే ధర కట్టుమనియు, కట్టుటకు ముందు దాని వయస్సెంతో అది దొరకిన యింటి పెద్దనడిగి వ్రాసికొనుమనియు చెప్పితిని.